ఎడమ దూలం పలకలేదు

పోయిన వారం మనం కోడల్ని జీపు కింద వెల్లకిలా పడుకోబెట్టి, ఆమె చెంప మీద ఒక చుక్క పడేసి, అంతటితో వదిలేసి వచ్చాం. పాపం, వారం నుంచీ ఆ చుక్క తుడుచుకోకుండా అలాగే పడుకుని ఉంది. ఇక లేపుదాం.

లేపే ముందు, మరిచిపోయినవాళ్ళ కోసం రెండు ముక్కలు. ఈ షెడ్డుకి మూడు వైపుల గోడ, నాలుగో వైపు రోడ్డు, పైన రేకులు. పని చేసేది ముగ్గురు. మేస్త్రి టింకరు. తుప్పు తిన్న రేకు కోసి పారేసి, కొత్త రేకు కొట్టి, వంచి, అతికించడం ఆయన పని. ఆయన కొడుకు మెకానిక్కు. చిన్నప్పుడు అన్నం తినమంటే ఇంజనులా చప్పుడు చేసుకుంటూ పరిగెత్తేవాడట. అప్పటి నుంచీ అందరికీ అతను ఇంజనే, పెట్టిన పేరు అతనికి కూడా ఆలోచిస్తే గానీ గుర్తురాదు. ఇంజను పెళ్ళాం, అంటే మేస్త్రి కోడలు, బళ్ళకి రంగులు వేస్తుంది.

జీపు సర్వేయరుగారిది. ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఆ జీపులోనే తిరిగి కొండలన్నీ కొలిచాడాయన. అది తుక్కు కింద వేలానికి వస్తే ఎవరికీ దక్కనివ్వకుండా తనే కొనుక్కున్నాడు. కొన్నాక మనుషులు మామూలుగా చేసే పనే చేశాడు, అంటే పెరట్లో పెట్టి మరిచిపోయాడు. పెరడు దాన్ని నెమ్మదిగా తినేసింది. ఇప్పుడు మేస్త్రి షెడ్డు వానాకాలమంతా కష్టపడి దాన్ని విప్పి, గీకి, కోసి, అతికి, రంగేసి మళ్ళీ నాలుగు చక్రాల మీద నిలబెట్టింది. ఈ మధ్యాహ్నమే అప్పగింత. ఇంజను నడుపుతాడు, సర్వేయరుగారూ ఆయన భార్యా కూర్చుంటారు, ముగ్గురూ కొండ ఎక్కి పైనున్న పాత బంగళా దాకా వెళ్ళి వస్తారు.

ఇక చుక్క సంగతి. కోడలు దాన్ని చెంప మీంచి వేలితో తీసి చూసుకుంది. నీళ్ళే, కానీ డికాషన్ రంగులో ఉన్నాయి. రెండు వేళ్ళ మధ్య రాస్తే ఇసుకలా గరగరలాడింది. పైన, ఎడమ దూలానికున్న చిన్న బెజ్జం దగ్గర ఇంకో చుక్క తయారవుతోంది.

దూలమంటే ఇంటి దూలం కాదు. బండి ఒళ్ళంతా మోసే రెండు పొడవాటి ఇనుప కమ్ములుంటాయి అడుగున, కుడి వైపు ఒకటి, ఎడమ వైపు ఒకటి. నాలుగు పక్కలా మూసేసి లోపల బోలుగా ఉంటాయి. నిన్న సాయంత్రం ఇంజను జీపుని పైపుతో కడిగాడు. కడిగిన నీళ్ళు బోలులోకి పోయి బెజ్జంలోంచి కారడం వింత కాదు. కుడి దూలంలోంచి కారిన నీళ్ళు తేటగానే ఉన్నాయి. ఎడమ దూలం నీళ్ళతో పాటు తన లోపలి సంగతి కూడా బయటపెడుతోంది.

కోడలు పక్కనున్న చిన్న సుత్తి అందుకుంది. కుడి దూలం మీద కొట్టింది. ఖంగుమంది. ఎడమ దూలం మీద, వెనక చక్రం స్ప్రింగు పట్టీలు వేలాడే చోటికి జానెడు ఇవతల, కొట్టింది. డబ్ మంది. తడిసిన అట్టపెట్టె మీద కొడితే వచ్చే చప్పుడు. ఆమె గుండెల్లో రాయి పడింది.

ఎందుకు పడిందో చెప్పాలంటే ఆ షెడ్డు పద్ధతి ఒకటి చెప్పాలి. అక్కడ ఏ బండికైనా రంగు పడే ముందు మేస్త్రి సుత్తి పట్టుకుని దాని చుట్టూ తిరుగుతాడు. జానెడుకో దెబ్బ. తల పక్కకి వాల్చి వింటాడు. బాగుంటే "పలికింది" అంటాడు, సుద్దముక్కతో టిక్కు పెడతాడు. బాగోలేకపోతే ఏమీ అనడు, అడ్డగీత గీసి కోత యంత్రం అడుగుతాడు. ఆయన నోట పలికింది అనే మాట రాకుండా డబ్బా మూత తీయడానికి వీల్లేదు. ఆ షెడ్డులో తాగొచ్చి పని చేసినవాణ్ణి క్షమించారు, పక్క బండి టైరు పట్టుకుపోయినవాణ్ణి కూడా క్షమించారు. పలక్కముందే రంగేసినవాణ్ణి మాత్రం ఆ పూటే పంపించేశారు. ఎందుకంటే తుప్పు మీద రంగు వేస్తే తుప్పు చావదు, దానికి దుప్పటి కప్పినట్టవుతుంది. పైన పటారం లోన లొటారం. అలాంటి బండి నున్నగా మెరుస్తూ పోయి ఏ మలుపులోనో విరుగుతుంది.

మరి ఈ ఎడమ దూలం పొడవునా మేస్త్రి టిక్కులు పెట్టాడు. ఆ టిక్కులు చూశాకే ఆమె తుప్పు పట్టకుండా ఎర్రమందు పూసింది, దాని మీద నల్లరంగు కొట్టింది. ఇప్పుడది డబ్ మంటోంది. కోడలికి ముందు తన చెవి మీదే అనుమానం వచ్చింది. తను పుట్టకముందు నుంచీ ఇనుము వింటున్న మనిషి ఆయన. తను కొట్టిన దెబ్బే తప్పై ఉంటుందనుకుని మళ్ళీ కొట్టింది. మళ్ళీ డబ్ మంది.

"మామయ్యా," అని పిలిచింది. జవాబు లేదు. మేస్త్రి షెడ్డు ఆ చివర బల్ల మీద ఏదో రేకు అంచు మడుస్తున్నాడు. పక్క కొట్లో లేతు మిషను తిరుగుతోంది, అందుకే వినపడలేదనుకుంది. గొంతు పెంచి పిలిచింది. ఆయన కదల్లేదు. చివరికి జీపు కిందనుంచి చెయ్యి బయటపెట్టి ఊపితే, అది కంట పడి, మేస్త్రి లేచి వచ్చాడు.

ఎడమ దూలం ఒక్కసారి చూడండని అడిగింది. ఆయన విసుక్కుంటూనే మోకాళ్ళ మీద కూర్చుని, చెయ్యి లోపలికి పెట్టి, ఆమె వేలు చూపించిన చోటే కొట్టాడు. కోడలి చెవికి జానెడు దూరంలో ఆ ఇనుము డబ్ మంది. మేస్త్రి తల పక్కకి వాల్చాడు. ఎప్పటిలాగే ఒక్క క్షణం ఆగాడు.

"పలికింది," అన్నాడు.

 అప్పుడామె ఒక పని చేసింది. ఎందుకు చేసిందో ఆమెకే తెలియదు. ఆయన చేతిలోంచి సుత్తి తీసుకుని, ఈ పక్కన కూడా వినండి మామయ్యా అని, మోచెయ్యి వెనక్కి లాగి కొట్టింది. కొట్టినట్టు మోచెయ్యి ఊపింది, అంతే. సుత్తి ఇనుముకి వేలెడు ఇవతలే ఆగిపోయింది. ఏ చప్పుడూ రాలేదు. రోడ్డు మీద ఎవరిదో సైకిలు గంట మోగింది.

మేస్త్రి తల వాల్చి విన్నాడు.

"పలికింది," అన్నాడు.

కోడలు వెంటనే బయటికి రాలేదు. జీపు కిందే, ఆ నల్లరంగు చూస్తూ పడుకుంది. కొన్నాళ్ళుగా ఇంట్లో జరుగుతున్నవన్నీ ఒక్కొక్కటే వచ్చి వరసలో నిలబడ్డాయి. ఫోను మోగితే ఈ మధ్య ఆయన తీయడు, ఫోనులో మాట్లాడేవాళ్ళకి మర్యాద తెలియదంటాడు. కొడుకు నసుగుతాడని రోజూ తిడతాడు. ఎవరైనా జోకు వేస్తే అందరూ నవ్వాక నవ్వుతాడు. వయసుతో వచ్చిన చిరాకనుకున్నారు ఇంట్లో. తనూ అలాగే అనుకుంది. ఒకే కంచాల గూటిలోంచి కంచాలు తీసుకుని తినే మనుషులు, ఒక్కరికీ అర్థం కాలేదు.

ఆమె పాక్కుంటూ బయటికి వచ్చి ఆయనకి ఎదురుగా నిలబడింది.

"మామయ్యా, నేను కొట్టలేదు."

ఆయన ఆమె నోటి వైపే చూస్తున్నాడు. "ఏంటి?"

"సుత్తి ఇనుముకి తగల్లేదు. గాల్లోనే ఆపేశాను. మీరు పలికిందన్నారు."

మేస్త్రికి ముందు కోపం వచ్చింది. దొరికిపోయిన మనిషికి మొదట వచ్చేది అదేగా. పెద్దవాడితో పరాచికాలా అన్నాడు, పని నేర్పినవాడికే పరీక్ష పెడతావా అన్నాడు, లేతు మిషను మోతలో ఎవడికి మాత్రం వినపడుతుందన్నాడు. లేతు మిషను ఆగిపోయి అప్పటికి కాసేపయింది. ఆ సంగతి కోడలు చెప్పలేదు. ఆయన అరుస్తున్నంతసేపూ తల వంచుకుని నిలబడి, తర్వాత పొడవాటి స్క్రూడ్రైవరు తీసుకుని, వంగి, ఎడమ దూలం మీద ఆయన టిక్కు పెట్టిన చోట ఆనించి నొక్కింది.

రంగు పొర చిట్లింది. స్క్రూడ్రైవరు పిడి దాకా లోపలికి దిగిపోయింది. ఆమె పెద్దగా బలం కూడా పెట్టలేదు. బయటికి లాగితే తడి తుప్పు పెచ్చులు పెచ్చులుగా నేల మీద రాలింది.

మేస్త్రి అరవడం ఆపేశాడు. నేల మీంచి ఒక పెచ్చు తీసి వేళ్ళతో నలిపాడు, అది పొడి అయిపోయింది. ఆ చెయ్యి పంట్లానికి తుడుచుకుని, గోడవారనున్న పాత టైరు మీద కూర్చున్నాడు. ఒక్కసారిగా ఆయన చాలా ముసలివాడిలా కనిపించాడు. కోడలికి ఆయన మీద కోపం రావాలి, వచ్చింది కూడా, కానీ జాలి దాన్ని నిలబడనివ్వలేదు.

"ఇనుము పలకడం మానేసిందమ్మా," అన్నాడు. "మనుషులు పలుకుతారు. ఎదురుగా నిలబడితే వినిపిస్తారు. ఇనుమే వినపడదు."

తర్వాత తడబడుతూ అంతా చెప్పుకొచ్చాడు. సన్నటి చప్పుళ్ళు ముందు పోయాయట. పిట్టలు, గ్లాసు మీద చెంచా, సుత్తి. వారంలో తగ్గుతుంది, నెలలో తగ్గుతుంది అనుకున్నాడట. తగ్గకపోయేసరికి చెవి పనిని చేతికి అప్పజెప్పాడు. కొట్టినప్పుడు సుత్తి పిడి అరచేతిలో చురుగ్గా ఎగిరితే మంచి ఇనుము, మెత్తగా కూర్చుంటే పుచ్చు ఇనుము అని లెక్కేసుకున్నాడు. పల్చటి రేకుల దగ్గర ఆ లెక్క బాగానే నడిచింది. ఈ దూలం లోపల ఏళ్ళ తరబడి పేరుకుని గట్టిపడ్డ తుప్పు మాత్రం ఎండిపోయి ఉన్నప్పుడు మంచి ఇనుములాగే సుత్తిని ఎగరేసి ఆయన్ని మోసం చేసింది. నిన్న నీళ్ళు తగిలి నానాక దాని అసలు రూపం బయటపడింది. ఇందాక పిడి మెత్తగానే కూర్చున్నా, చెయ్యి లోపలికి పెట్టి కొట్టడం వల్లేననుకుని తన పాత టిక్కునే నమ్మాడట.

ఎప్పటి నుంచి ఇలా ఉందని అడిగింది కోడలు. ఈ మధ్యేనంటూ ఆయన చూపు తిప్పుకున్నాడు. ఆమె గుచ్చి అడగలేదు. ఆమె మనసంతా ఆ స్ప్రింగు పట్టీల మీదే ఉంది. కొండ దారిలో ఎడమ పక్కంతా లోయ. నిండుగా మనుషులెక్కిన బండి మలుపు తిరిగేటప్పుడు ఆ దూలం ఊడిందంటే వెనక చక్రం పక్కకి తన్నుకుంటుంది. స్టీరింగు దగ్గర కూర్చునేది తన మొగుడు. అతను ఎంత మంచి డ్రైవరైనా చేసేదేమీ ఉండదు. ఆ దృశ్యం కళ్ళ ముందుకి రాకుండా చేసుకోవాలని ఆమె విశ్వప్రయత్నం చేసింది.

ఇంజను రాగానే చెప్పేస్తానంది. మేస్త్రి చటుక్కున తలెత్తాడు.

"బండి ఆపుతాను. నేనే ఆపుతాను, నా నోటితోనే చెప్తాను. చెవి సంగతి మాత్రం వాడికి ఇప్పుడే వద్దు."

"దాచి ఏం చేస్తారు మామయ్యా?"

"వాడు నన్ను ఒక్క మాట అనడు. రేపు పొద్దున వాకిట్లో కుర్చీ వేసి, నాన్నా కూర్చో అంటాడు. అంతే. ఆ కుర్చీలో నేను ఎన్నాళ్ళు కూర్చోవాలి? కొంచెం టైమివ్వమ్మా. నేనే చెప్పుకుంటా. నీ నోట మాత్రం రానివ్వకు."

ఇక్కడ పాఠకులు కోడల్ని తిట్టుకోవచ్చు. ముందే కొంత చెప్తే తిట్లు తగ్గుతాయి. ఆమె ఈ ఇంటికి వచ్చిన కొత్తలో ఇంట్లో ఊపిరాడక షెడ్డుకి వచ్చి కూర్చునేది. ఆడపిల్లకి గ్రీజు మధ్య ఏం పని అని చుట్టాలు ముక్కున వేలేసుకుంటుంటే, మేస్త్రి వాళ్ళందరి ముందూ రంగు కొట్టే గన్ను ఆమె చేతిలో పెట్టి, మొదటి తలుపు పాడు చెయ్యి, రెండోది బాగొస్తుంది అన్నాడు. ఆమె మూడు తలుపులు పాడు చేసింది. ఆయన ఒక్క మాట అనలేదు. అలాంటి మనిషి ఇప్పుడు పాత టైరు మీద కూర్చుని ఆమెని బతిమాలుతున్నాడు. బండి ఆగితే చాలు కదా అనుకుంది. సరే మామయ్యా, చెవి సంగతి నా నోట రాదు అని మాటిచ్చింది.

మాట ఇచ్చినంత తేలిక కాదు ఎదురుచూడటం. ఇంజను బ్యాటరీ తేవడానికి వెళ్ళాడు, వస్తూ సర్వేయరుగారి దంపతుల్ని కూడా తీసుకొస్తానన్నాడు. కోడలు కాలుగాలిన పిల్లిలా షెడ్డంతా తిరిగింది. నేల మీది తుప్పు ఊడ్చింది. ఎందుకు ఊడ్చానా అని మళ్ళీ భయపడింది. ఆటో చప్పుడైన ప్రతిసారీ రోడ్డు వైపు చూసింది. మేస్త్రి మాత్రం బల్ల దగ్గరికి వెళ్ళి మళ్ళీ అదే రేకు అంచు మడవడం మొదలుపెట్టాడు. ఆయన ఏం చెప్పబోతున్నాడో అడగాలనిపించింది, కానీ అడగాలంటే ఎదురుగా వెళ్ళి నిలబడాలి. ఆ ముఖంలోకి మళ్ళీ చూసే ధైర్యం ఆమెకి చాల్లేదు.

వాళ్ళు వచ్చేశారు. సర్వేయరుగారు ఇస్త్రీ చొక్కా వేసుకుని, పెళ్ళిచూపులకొచ్చిన కుర్రాడిలా సిగ్గుపడుతూ దిగాడు. ఆయన నడక ఇప్పటికీ నేల కొలుస్తున్నట్టే ఉంటుంది, అడుగు అడుగుకీ ఒకే దూరం. భార్య చేతిలో ఒక ఫ్లాస్కు, ఒక దిండు ఉన్నాయి. ఈ జీపులో కూర్చుంటే నడుం ఏమవుతుందో తనకి తెలుసునని, ఉద్యోగం ఈయన చేసినా నొప్పి తనకి వచ్చేదని ఆవిడ అందరికీ వినపడేలా చెప్పింది. ఇంజను పెద్దగా నవ్వాడు. మేస్త్రి కాస్త ఆగి నవ్వాడు. కోడలికి నవ్వు రాలేదు.

సర్వేయరుగారు బానెట్టు మీద అరచెయ్యి పెట్టి అలాగే ఉండిపోయాడు. రంగు ఎంత బాగా కుదిరిందో అని కోడల్ని మెచ్చుకున్నాడు. ఆ మెచ్చుకోలు ఆమెకి ముల్లులా గుచ్చుకుంది. ఇంజను బ్యాటరీ బిగించాడు, డీజిలు చూశాడు, అద్దం తుడిచాడు. సర్వేయరుగారి భార్య దిండు సర్దుకుని వెనక సీట్లో కూర్చుంది, సరిగ్గా ఎడమ పక్కన. మేస్త్రి ఇంకా రేకు మడుస్తూనే ఉన్నాడు.

చెప్పడేమో అనిపించింది కోడలికి. భయపడి నోరు మూసుకుంటాడేమో. ఇంజను డ్రైవరు సీటెక్కి తాళం తిప్పాడు. బండి ఒక్కసారి దగ్గి, సర్దుకుని, ఝామ్మని అందుకుంది. సర్వేయరుగారు కళ్ళు మూసుకుని ఆ చప్పుడు విన్నాడు. కోడలు ఇక లాభం లేదని అడుగు ముందుకి వేసింది. సరిగ్గా అప్పుడే మేస్త్రి బల్ల దగ్గరనుంచి వచ్చి, జీపుకి ఎదురుగా నిలబడి, రెండు చేతులూ బానెట్టు మీద పెట్టాడు.

"ఈ బండి కదలదు."

ఇంజను తాళం తిప్పి బండి ఆపేశాడు. ఏమైందని అడిగాడు. ఎడమ దూలం పోయిందని, వెనక స్ప్రింగు దగ్గర లోపలంతా తుప్పేనని, స్క్రూడ్రైవరు దిగిపోయిందని మేస్త్రి చెప్పాడు. ఇంజను నమ్మలేక కిందికి దూరి చూశాడు. బయటికి వచ్చినప్పుడు అతని ముఖంలో రక్తం లేదు. వెనక సీట్లో కూర్చున్న ఆవిడ దిండుతో సహా కిందికి దిగింది, ఎవరూ దిగమనకుండానే.

కోడలికి గుండె బరువు దిగినట్టయింది. ఆగింది. మామయ్య మాట నిలబెట్టుకున్నాడు. కానీ ఆ ఊరట ఎంతోసేపు లేదు. ఇంజను తండ్రి ముందుకి వచ్చి నిలబడ్డాడు.

"అదేంటి నాన్నా, నువ్వు కొట్టి చూశావుగా? టిక్కు పెట్టావుగా?"

సర్వేయరుగారు కూడా దగ్గరికి వచ్చాడు. మీరు చూశాకే కదా మేస్త్రీ రంగు పడేది, ఈ షెడ్డుకి నేను ఆ నమ్మకంతోనే కదా వచ్చింది అని నెమ్మదిగా అన్నాడు. ఆ నెమ్మదే మేస్త్రిని కోసేసి ఉంటుంది. ఆయన కొడుకు నోటి వైపు చూశాడు, సర్వేయరుగారి నోటి వైపు చూశాడు.  ఏం చెప్పాలో ముందే అనుకుని వచ్చిన మనిషి కాదాయన. ఆ సంగతి కోడలికి ఆయన గుటక మింగడంలోనే తెలిసిపోయింది.

"అక్కడ నేను టిక్కు పెట్టలేదు," అన్నాడు మేస్త్రి. "నేను చూడకముందే రంగు పడింది."

 అక్కడ రంగు వేసేది ఒక్కరే. ఆ ఒక్కరి పేరు చెప్పాల్సిన అవసరం కూడా లేకపోయింది. ముగ్గురూ కోడలి వైపు తిరిగారు. మేస్త్రి తిరగలేదు.

ఇంజను ఆమె దగ్గరికి వచ్చాడు. అతను కోప్పడలేదు, కోప్పడితే బాగుండేదనిపించింది ఆమెకి.

"నిజమేనా? నాన్న చూడకముందే వేసేశావా?"

 కాదు అనడానికి ఒక్క క్షణం పడుతుంది. కాదంటే మరి ఆయన టిక్కు పెట్టాడా అంటారు, పెడితే తప్పెలా అయిందంటారు, ఆ తర్వాత చెవి సంగతి దాగదు. పరాయివాళ్ళ ముందు, కొడుకు ముందు, ఆయన ఇంత ఎత్తు నుంచి ఒక్కసారిగా కింద పడతాడు. మాటిచ్చింది. బండి ఆగితే చాలనుకుంది, బండి ఆగింది. అయినా ఇంత పని చేస్తారా మామయ్యా అని అరవాలనుంది. వెనక్కి తిరిగి ఉన్న ఆయన వీపుకి ఆ అరుపు కూడా వినపడదు.

"తొందరపడ్డాను," అంది.

సర్వేయరుగారు ఫ్లాస్కు తీసుకుని ఆటో కోసం రోడ్డు వైపు నడిచాడు, ఆ నడకలో అడుగులు ఈసారి ఒక్కలా లేవు. ఆయన భార్య మాత్రం ఆగింది.

"రంగు ఆరేదాకా ఆగగలిగావు. ఒక్క సుత్తి దెబ్బ పడేదాకా ఆగలేకపోయావా అమ్మా?" అంది. తిట్టినట్టు అనలేదు, నిజంగానే అడిగింది. కోడలు తల వంచుకుంది. కళ్ళలో నీళ్ళు నేల మీద పడుతున్నాయి, తుడుచుకుంటే అందరూ చూస్తారని తుడుచుకోలేదు.

వాళ్ళు వెళ్ళిపోయాక ఇంజను ఒక బకెట్టు బోర్లించి దాని మీద కూర్చున్నాడు. రెండు చేతులతో ముఖం రుద్దుకున్నాడు. మేస్త్రి బల్ల దగ్గర నిలబడి సుత్తి తీసి అటు పెట్టాడు, మళ్ళీ ఇటు పెట్టాడు. ఇంజను తలెత్తి, ఇంకే బండికైనా ఇలా చేశావా అని ఆమెని అడిగాడు. లేదంది. నా మీద ఒట్టేసి చెప్పమన్నాడు. ఒట్టేసింది. అది నిజమైన ఒట్టే. తన పనిలో ఏ బండికీ ఆమె తొందరపడలేదు.

ఇంజను గట్టిగా ఊపిరి వదిలాడు. అతని ముఖంలోకి కాస్త రంగు తిరిగి వచ్చింది. లేచి వచ్చి, ఆమె భుజం మీద చెయ్యి వేశాడు.

"ఇప్పుడు చెప్తున్నా, నా గుండె ఆగిపోయిందనుకో. వానలు మొదలైనప్పుడు మనం చేసిచ్చిన బడి వ్యాను లేదూ, రోజూ ఆ కొండ దారిలోనే పిల్లల్ని తిప్పుతోంది. అదే గుర్తొచ్చింది. పోనీలే, దానికి భయం లేదు. దాన్ని నాన్న నా కళ్ళ ముందే ఈ చివర్నుంచి ఆ చివరి దాకా కొట్టి చూశాడు. అన్నీ పలికాయన్నాడు."